అరువు చూపు

రంగుల టీవీని సరిదిద్దే పనివానికి ఒక చిత్రమైన చిక్కు ఉంది. తిప్పవలసిన మరలు పెట్టె వెనుక ఉంటాయి. వాటి ఫలితం పెట్టె ముందు తెరమీద కనిపిస్తుంది. ఒకే మనిషి రెండు వైపులా ఉండలేడు గనుక, తెరకెదురుగా ఒక నిలువుటద్దాన్ని నిలిపి, అందులోని ప్రతిబింబాన్ని చూసుకొంటూ వెనుకనుండి మరలు తిప్పుకోవడం ఆ వృత్తిలో ఆచారం. తక్కిన మెకానిక్కులు ఆ అద్దాన్ని ఏ కుర్చీకో ఆనించేవారు. కంచరపాలెం ఎల్లారావు మాత్రం తన ఇల్లాలు నూకాలు చేత పట్టించేవాడు. విశాఖపట్నంలో రంగుల టీవీ ఇంకా కలవారి ఇళ్ళు దాటని ఎనభైల నడుమ, అతడు సంచీతో ముందు నడుస్తూ ఉంటే ఆమె గోనెపట్టాలో చుట్టిన అద్దాన్ని చంకనెత్తుకొని వెనుక నడిచేది.

భార్యను పనికి ఎందుకు తిప్పుతావని అడిగినవారికి అతని జవాబు సిద్ధంగా ఉండేది. "కుర్సీకి సేతులుండవు కదేటి. అయినా దీనికి ఇంకేటి వచ్చు? అద్దం పట్టడానికే పనికొత్తాది" అని ఆమె ఎదుటనే అనేవాడు. విన్నవారు నవ్వేవారు. నూకాలు తల వంచుకొని, తానూ నవ్వినట్టే కనిపించేది.

ఆ మాట వెనుక దాగిన నిజం ఆ ఇద్దరికే తెలుసు. ఎల్లారావు కళ్ళకు ఎరుపుకూ ఆకుపచ్చకూ భేదం లేదు. అతడు పుట్టినప్పటినుండీ ఆ రెండూ ఒకే మట్టివన్నెగా కనిపించేవి.

ప్రకృతి మూడు వన్నెలదని శ్రుతి చెబుతుంది. ఇంద్రియాలు ఈశ్వరుడు పెట్టిన భిక్ష. ఆ భిక్షలో ఒక మెతుకు తరిగితే అది పాపమూ కాదు, సిగ్గూ కాదు. కాని ఆ కొరతను మనిషి ఎలా దాచుకొంటాడు, దానికోసం ఎవరిని తొక్కుతాడు అన్నచోట వాని శీలం తేలిపోతుంది.

ఎల్లారావు తండ్రి రైల్వే లోకోషెడ్డులో పనిచేసేవాడు. కొడుకును కూడా ఇంజను ఎక్కించాలని ఆయన ఆశ. డెబ్భైల తొలినాళ్ళలో వైద్యపరీక్షకు పంపితే, అక్కడ రంగు చుక్కలతో నిండిన ఒక పుస్తకం తెరిచి, చుక్కల నడుమ దాగిన అంకె ఏమిటని అడిగారు. ఎల్లారావుకు అంకె కనిపించలేదు. ముందు నిలబడినవారు చెబుతూంటే వాళ్ళు ఊహించి చెబుతున్నారనుకొన్నాడు. ఆ సాయంకాలం తండ్రి వీధిలో నలుగురినీ పోగుచేసి, ఒక పండుమిరపకాయ, ఒక పచ్చిమిరపకాయ కొడుకు అరచేతిలో పెట్టి, ఏది పండో చెప్పమన్నాడు. తప్పు చెప్పగానే ఆ కాయనే అతని చేత నమిలించాడు. "గొడ్డుకైనా తెలుత్తాది" అని ఉమ్మేసి లోపలికి పోయాడు. ఇతరులకు తెలిసిన కొరత వాళ్ళ చేతికి అందించిన కొరడా అని ఆ కుర్రవాడు ఆనాడు నేర్చుకొన్నాడు. కొరడా ఉండకూడదని మాత్రం నేర్చుకోలేదు. అది తన చేతిలో ఉండాలని నేర్చుకొన్నాడు.

రేడియోల కొట్టులో చేరి పని పట్టుబడ్డాక, రంగు గీతలను బట్టి గుర్తించవలసిన చిన్న భాగాలను అతడు ఒక్కొక్కటే మీటరుతో కొలిచేవాడు. అది జాగ్రత్త అనుకొని యజమాని మెచ్చుకొన్నాడు. నలుపు తెలుపు టీవీలు వచ్చినప్పుడు పట్నంలో అతనికి సాటివారు తక్కువ. అప్పుడే మేనమామ కూతురు నూకాలుతో పెళ్ళయింది. ఆ పైన రంగుల టీవీలు వచ్చాయి. బతుకు ఒక్కసారిగా మళ్ళీ ఆ మిరపకాయల ముందుకు వచ్చి నిలిచింది.

అప్పుడతడు తలుపు గడియ వేసి, సింహాద్రి అప్పన్న మీద ఒట్టు వేయించుకొని, ఆమెతో తన లోపం చెప్పాడు. ఎవరికీ ఈ మాట చెప్పనని ఆమె అతని తలమీద చెయ్యిపెట్టి ప్రమాణం చేసింది. పిల్లలు కలగలేదన్న నింద అప్పటికే ఆమె నెత్తిమీద ఉంది. ఆ ఇంట్లో తనకంటూ ఒక విలువ ఉన్నదని ఆమెకు తోచిన మొదటి రోజు అదే.

ఇద్దరూ సంజ్ఞలు ఏర్పరచుకొన్నారు. తెరమీది ముఖంలో ఎరుపు మితిమీరితే ఆమె చేతిగాజులు కదిలించాలి. ఆకుపచ్చ ఎక్కువైతే అద్దం వెనుక చెక్కను గోటితో గీరాలి. నీలం అతనికి బాగానే కనిపించేది. అంతా కుదిరిన క్షణాన ఆమె అద్దాన్ని ఒడిలోకి దించాలి. చూసేవారికి మెకానిక్కు అద్దంలో చూసుకొని మరలు తిప్పుతున్నట్టే ఉండేది. ప్రసారానికి ముందు వచ్చే రంగుపట్టీల వరుసను అతడు కంఠస్థం చేసి, వేదపనస వల్లించినట్టు పైకి చదివేవాడు. ఎవరికి అనుమానం వస్తుంది?

అతని చేత పని చేయించుకొనే వ్యాపారి గవర్రాజు. నావికులు విదేశాలనుండి తెచ్చే పెద్ద తెర టీవీలను రేవు దగ్గర కొని, ఉక్కు కర్మాగారం కట్టడంతో కొత్తగా కలిగినవారికి అమ్మడం అతని వృత్తి. కొనేటప్పుడు ఒక పద్ధతి, అమ్మేటప్పుడు ఒక పద్ధతి. నావికుడు టీకి వెళ్ళిన సమయం చూసి ఎల్లారావు వెనుక మూత విప్పి రంగులు చెడగొట్టేవాడు. ఎంత చెడాలో కూడా నూకాలు గాజులే చెప్పాలి. తిరిగివచ్చిన నావికునికి గవర్రాజు విచారంగా తెర చూపించి, ట్యూబు పోయిందయ్యా, ఓడ కుదుపులకు ఇంతే మరి అనేవాడు. సగం ధరకు కొన్నదాన్ని మర్నాడు సరిదిద్ది నిండు ధరకు అమ్మేవాడు. దేవకుమార్ అనే నావికుడు, రోగంతో మంచానపడిన తల్లికి చూపించాలని తెచ్చి, వైద్యానికే అమ్ముకోవలసివచ్చిన పెట్టె ముందు కూలబడి, నిన్నటిదాకా బాగుందండీ, మా అమ్మ ముఖం మీద ఒట్టు అని ఏడ్చాడు. ఇంటికి పోయే దారిలో నూకాలు, ఈ పాపం మనకొద్దు బావ అన్నది. ఎల్లారావు నడిరోడ్డు మీద ఆమె చెంపమీద కొట్టి, అద్దం జాగ్రత్త అన్నాడు.

కొన్నాళ్ళకు గవర్రాజు గాజువాక దారిలో రెండో కొట్టు తెరవబోతూ, అందులో ఎల్లారావుకు భాగం ఇస్తానని, బోర్డు మీద అతని పేరు కూడా రాయిస్తానని మాట ఇచ్చాడు. దానికి ఒక్కటే షరతు. కర్మాగారానికి కూలీలను కుదిర్చే కాంట్రాక్టరు గురునాథరావు కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి పెద్ద అధికారులు వస్తారు. ఆ ఇంటి హాలులో ఊరిలోకెల్లా పెద్ద తెర పెట్టాలి. అది చూసి అధికారులు మెచ్చితే కర్మాగారం క్లబ్బుకూ, అతిథిగృహానికీ టీవీలు తమ దగ్గరే కొంటారు. "ఆ రోజు మొహాలు బంగారంలా రావాలి బావ. వత్తే నువ్వు ఓనరువి. రాకపోతే మాత్రం నాకూ నీకూ చెల్లు" అన్నాడు గవర్రాజు.

గృహప్రవేశం నాటి ఉదయం ఎల్లారావు పనిముట్లు సర్దుకొంటూ, కూర ఎలా ఉందో చెప్పినంత తేలికగా భార్యకు తన ఆలోచన చెప్పాడు.

"కొత్త కొట్టు తెరిసినాక మావతో మాటాడతాను. మీ చెల్లి సిలకని సేసుకుంటాను. వంశం నిలబడాల కదా."

నూకాలు చేతిలోని గోనెపట్టా కింద పెట్టింది. "మరి నాను?"

"నిన్ను పొమ్మన్నదెవులు? వంటిల్లుంది, పడుండు."

ఆమెకు మిగిలిన ఆధారం ఒక్కటే. దాన్ని మెల్లగా ముందుకు జరిపింది. "అద్దం ఎవులు పడతారు బావ?"

ఎల్లారావు నిజంగా వేడుక పడ్డాడు. "లోకంలో కళ్ళు నీకొక్కదానికే ఉన్నాయేటే? మీ చెల్లికీ రెండున్నాయి. ఆ గాజుల కతా, గోళ్ళ కతా దానికి నువ్వే నేర్పాల. బేగి నేర్పు. అది సదువుకున్న గుంట, నీలాగ మొద్దు కాదు."

నూకాలు అద్దాన్ని ఎప్పటికన్నా శ్రద్ధగా తుడిచి చుట్టుకొని, అతని వెంట బయలుదేరింది.

గురునాథరావు ఇంటి గుమ్మానికి మామిడాకుల తోరణాలు, హాలు నడుమ పట్టుగుడ్డ కప్పిన టీవీ. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలదండ వేశారు. నలుగురు మోసి దించిన పెట్టె అది. సాయంకాలం ప్రసారం మొదలయ్యే వేళకు అతిథులందరినీ ఫలహారాలకని మేడమీదికి తీసుకుపోయారు. గవర్రాజు వారి వెంట తిరుగుతూ రాబోయే వైభవాన్ని వర్ణిస్తున్నాడు. హాలులో దంపతులిద్దరే మిగిలారు.

తెరమీద రంగుపట్టీలు పోయి, వీణ పట్టుకొన్న ఒక గాయని వచ్చింది. రంగులు అప్పటికే ముప్పాతిక వంతు కుదిరి ఉన్నాయి. ఇంకొక్క వెంట్రుకవాసి సవరిస్తే ఆ ముఖం గోధుమవన్నెకు వచ్చేది. నూకాలు ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది. తరువాత చేతిగాజులు కదిలించింది.

ఎల్లారావు ఎరుపు తగ్గించాడు. గాజులు మళ్ళీ కదిలాయి. మళ్ళీ తగ్గించాడు. గాయని పెదవులు నల్లబడ్డాయి. గాజులు ఆగలేదు. ఎరుపు మర చివరిదాకా వెళ్ళిందని, ఇక ఆకుపచ్చ మర ఎక్కించాడు. గోటి గీత వినబడలేదు. ఇంకా ఎక్కించాడు. బుగ్గలు నాచు పట్టిన రాతి రంగుకు తిరిగాయి. వేళ్ళు తమలపాకుల రంగుకు వచ్చాయి. అప్పుడు నూకాలు అద్దాన్ని నెమ్మదిగా ఒడిలోకి దించింది.

మరలు కదలకుండా వాటిమీద కరిగిన లక్క చుక్కలు వేయడం పనివాళ్ళ వాడుక. ఎల్లారావు తృప్తిగా లక్క వేసి, మూత బిగించి, తెరమీద పట్టుగుడ్డ దించి, పైవాళ్ళను కేకేసి పిలిచాడు.

ఇక్కడ ఒక్కమాట చెప్పాలి. రహస్యం బయటపెట్టనని అప్పన్న సాక్షిగా చేసిన ప్రమాణాన్ని నూకాలు ఎన్నడూ తప్పలేదు. ఆనాడూ ఆమె నోరు విప్పలేదు. శపథం నిలిచింది, సత్యం నిలవలేదు. ప్రాణానికీ మానానికీ ముప్పు వాటిల్లినచోట బొంకుకు పెద్దలు కొంత ఎడమిచ్చారు. ఆ ఎడం ఎంత ఇరుకో, అందులో దూరినవారు ఎలా చీరుకుపోతారో మాత్రం వారు చెప్పవలసినంత చెప్పలేదు.

అధికారులు సోఫాలలో కూర్చున్నారు. గురునాథరావు తల్లి ఆదిలక్ష్మమ్మ హారతిపళ్ళెంతో ముందుకు వచ్చింది. ఎల్లారావు ఉత్తరీయం సవరించుకొని, గుడ్డ తొలగించి, తెర పక్కన నిలబడ్డాడు.

"మొహం సూడండమ్మా. పసుపు రాసుకుని ఇప్పుడే తానం సేసొచ్చినట్టు నేదూ?"

ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దాన్ని అతడు ఆశ్చర్యమనుకొని, చేత్తో గాయని బుగ్గను చూపిస్తూ, ఈ ఛాయ తేవడం అందరివల్లా కాదని కూడా అన్నాడు. ఆదిలక్ష్మమ్మ వెలుగుతున్న హారతిపళ్ళెం కింద పెట్టేసింది.

"నూతిలోంచి తీసిన శవంలాగుంది. కొత్తింట్లో తొలిసారి సూడాల్సిన మొహమేనా ఇది?"

గురునాథరావు గవర్రాజు వైపు చూశాడు. గవర్రాజు పళ్ళ సందునుండి, ఏమయిందని ఎల్లారావును అడిగాడు. ఎల్లారావుకు ఏమయిందో తెలియదు. అలవాటుగా భార్య వైపు చూశాడు. ఆమె గాజులు సవరించుకొంటున్నట్టు చేతులు కదిలించింది.

"ఎరుపు కొంచెం ఎక్కువైంది బాబూ. ఇప్పుడే తగ్గిత్తాను" అన్నాడు ఎల్లారావు.

ముందు ఒక అధికారి నవ్వాడు. తరువాత హాలంతా నవ్వింది. గవర్రాజు నవ్వలేదు. అతడు వ్యాపారి. ఆ ఒక్క మాటలో సంగతంతా గ్రహించాడు. గురునాథరావు కోపం తనమీదికి రాకుండా ఉండాలంటే దాన్ని వినోదంగా మార్చాలని కూడా అదే క్షణంలో గ్రహించాడు. ముత్తైదువలకు పంచడానికి పళ్ళెంలో పెట్టిన గాజులనుండి ఒక ఎర్రగాజు, ఒక ఆకుపచ్చ గాజు తీసి పైకెత్తాడు.

"ఎర్రగాజు ఏది బావ?"

ఎల్లారావు కుడిచేతిది చూపించాడు. నవ్వు మిన్నంటింది. గవర్రాజు చేతులు వెనక్కి పెట్టి, మార్చి, మళ్ళీ అడిగాడు. ఒక అధికారి లేచివచ్చి తానూ రెండు గాజులు తీసుకొన్నాడు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని దగ్గరికి జరిగారు. కొంతసేపటికి అతడు ఊహించి సరిగా చెప్పినప్పుడు కూడా తప్పన్నారు. ఏది తప్పో అతనికి తెలిసే దారి లేదు గనుక ఆ ఆట ఇంకా రక్తికట్టింది. అతడు చేతితో తడిమి చూశాడు. గాజు గాజులాగే ఉంది.

చివరికి, జీవితంలో మొదటిసారి పదిమందిలో, భార్యను అడిగాడు. "నూకాలూ, నువ్వు సెప్పు."

నూకాలు అద్దాన్ని గోనెపట్టాలో చుడుతూ తలెత్తలేదు.

"నాకేటి తెలుసు బావ. అద్దం పట్టడానికే కదా నాను పనికొచ్చాను."

గవర్రాజు ఇంకొక మెకానిక్కును రప్పించి, లక్క గీకించి, ఆ రాత్రికే రంగులు కుదిర్చాడు. బేరం నిలిచింది. గాజువాక కొట్టు బోర్డు మీద ఆ మెకానిక్కు పేరు ఎక్కింది. ఎల్లారావు ఇంటికి వచ్చి భార్యను చేయి నొప్పిపుట్టేదాకా కొట్టాడు. ఆమె చేతులు అడ్డం పెట్టుకోలేదు. చెల్లెలి సంబంధం మాత్రం ఆమె అనుకొన్నట్టే తప్పిపోయింది. మామ కబురు పంపాడు: గుడ్డివానికి ఒక్క పిల్లను ఇచ్చి చేసిన తప్పు చాలు.

ఆ విధంగా నూకాలు తన ఇంటిని దక్కించుకొంది. దక్కిన ఇల్లు ఎటువంటిదో తరువాత తెలిసింది. పట్నంలో ఏ కొట్టువాడూ ఎల్లారావును గడప తొక్కనివ్వలేదు. నలుపు తెలుపు పెట్టెలను కూడా అతని చేతికి ఎవరూ ఇవ్వలేదు. నూకాలు రేవులో ఇనుప ఖనిజం గుట్టల దగ్గర ఊడ్చే పనికి కుదిరింది. సాయంకాలం వెంట్రుకలనుండి పాదాలదాకా ఎర్రధూళితో తిరిగివచ్చేది. వీధివాళ్ళు ఆమెను చూసి, అమ్మవారు పూనినట్టుందనేవారు. భర్తకు ఆమె ఉత్త మట్టికొట్టుకొని కనిపించేది.

వీధికి అతడు ఆటవస్తువయ్యాడు. "బావా, నా లుంగీ ఏ రంగు సెప్పు, టీ తాగిత్తాను" అని పిలిచేవారు. చెప్పినా టీ లేదు. చెప్పకపోతే ఇంకొకడు కొత్త లుంగీతో వచ్చేవాడు. అతడు గడప దాటడం మానేశాడు.

రెండో ఏట అతనికి దగ్గు పట్టుకొంది. ఆసుపత్రిలో క్షయ అని చెప్పి మందులిచ్చి, కళ్ళెలో రక్తపుజీర కనిపించిన రోజున ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. రక్తపుజీర అతని కంటికి ఆననిది. వీధిలో ఎవరిని అడిగినా వేళాకోళమే. కనుక ప్రతి ఉదయం తెల్లటి పింగాణీ పళ్ళెంలో ఉమ్మి, పనికి పోబోతున్న భార్య ముందు పెట్టేవాడు. ఆమె వంగి చూసి, ఎరుపు నేదు అనేది. అతడు సరిగా సూడు అనేవాడు. ఆమె మళ్ళీ చూసి మళ్ళీ అదే చెప్పేది. అది నిజమే. ఆనాటి గాజుల తరువాత ఆమె అతనితో ఒక్క అసత్యమూ ఆడలేదు. అతడు మాత్రం పళ్ళేన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పుతూ, తన చావును ఆమె దాచుతున్నదనుకొని రోజంతా కుమిలేవాడు. అడగకుండా ఉండలేడు, విన్నది నమ్మలేడు.

వర్షాలు మొదలైన ఒక ఉదయం ఆమె పళ్ళెంలోకి చూసి, చేతిలోని చీపురు కింద పడేసింది.

"ఎర్రగా ఉంది బావ. నెత్తురు. లే, ఆసుపత్రికి పోదాం."

ఎల్లారావు ఆమె ముఖంలోకి చూశాడు. ఇన్నాళ్ళూ లేదు లేదన్నది ఈనాడు ఉందంటోంది. ఎందుకో అతనికి అర్థమైపోయినట్టనిపించింది. ఆసుపత్రిలో పదిమంది నడుమ ఆ పళ్ళెం తన చేత పట్టించి నిలబెట్టి, ఇందులో ఎరుపు ఎక్కడుందయ్యా అని వాళ్ళు నవ్వుతూంటే చూడాలని దీని కోరిక.

"ఇంకోపాలి ఆడిద్దామనుకుంటన్నావా?"

ఆమె అప్పన్న మీద ఒట్టు వేసింది. చెయ్యి పట్టి లాగింది. కాళ్ళు కూడా పట్టుకొంది. అతడు ఆమెను విదిలించుకొని, పెరటిలోకి వెళ్ళి పళ్ళెం కడిగేశాడు. నీళ్ళు కాలువలో ఎర్రగా సాగాయి. అతడు వాటివైపు చూస్తూనే నిలబడ్డాడు, అతనికవి నీళ్ళే. శ్రావణం రాకముందే ఒక మధ్యాహ్నం ఒక్కసారిగా నోటినిండా నెత్తురు పడింది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చేసరికి చాప తడిసి, ఊపిరి ఆగింది. నూకాలు అప్పటికి రేవులో ఖనిజం ఊడుస్తోంది. ఆమె వచ్చి అతని తలను ఒడిలోకి తీసుకొన్నప్పుడు, ఆమె చేతులమీది ధూళి ఏదో, అతని నోటినుండి పడింది ఏదో అక్కడ ఉన్నవారెవరికీ తేడా తెలియలేదు.